గడ్డ ఎక్కడి నుంచి వస్తుంది?

దుమ్ముగూడెం వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే పాప అడిగింది: “మా అమ్మమ్మకు గర్భసంచి దగ్గర గడ్డ ఉందన్నారు. అది బయటి నుంచి వచ్చిందా, లోపలే పుట్టిందా? దానికి ప్రాణం ఉంటుందా? అమ్మమ్మ పక్కలో పడుకుంటే నాకూ వస్తుందా? అది రాకుండా సూది వేస్తారంటే మా చిన్నమ్మ వద్దంటోంది. తను భద్రాచలంలో హాస్టల్లో ఉన్నప్పుడు ఏమీ చెప్పకుండా వేశారట. ఎవరి మాట వినాలి?”

మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను బిడ్డా. ఆ భయంతో నువ్వు రాత్రిళ్ళు అమ్మమ్మకు దూరంగా పడుకుంటున్నావేమో. రాదు. పక్కలో పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా, ఆమె బట్టలు ఉతికినా గడ్డ అంటుకోదు. ఈ రాత్రే వెళ్ళి ఆమె పక్కలో పడుకో. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకుందాం.

మన భాషలో గుండ్రంగా ఉబ్బినదల్లా గడ్డే. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, చంకలో లేచే సెగగడ్డ, కడుపులో గడ్డ, అన్నిటికీ ఒకటే పేరు. అందుకే గడ్డ అనగానే ఇంట్లో అందరూ బెదిరిపోతారు. సెగగడ్డలో ఉండేది చీము. బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవులతో మన రక్తకణాలు పోరాడినప్పుడు అది పోగవుతుంది, పగిలి కారిపోతే పుండు మానుతుంది. డాక్టర్లు ట్యూమర్ అనేది వేరు. తెలుగు పుస్తకాల్లో దాన్ని కంతి అని, కణితి అని రాస్తారు. అందులో చీము ఉండదు. ఉండేది మన మాంసమే, ఉండాల్సినదానికన్నా ఎక్కువగా పెరిగిన మన మాంసం.

మన మాంసం మనకే శత్రువు ఎలా అవుతుందని అడుగుతావు. మీ బడి చుట్టుపక్కల కానుగ చెట్టు ఉండే ఉంటుంది. దాని ఆకులు కొన్ని తిప్పి చూడు. నున్నగా ఉండాల్సిన ఆకు మీద చిన్నచిన్న వేళ్ళలాగా బుడిపెలు లేచి ఉంటాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల పచ్చటి ఆకు కండే కనబడుతుంది, పురుగు గుడ్డు గాని గింజ గాని కనబడదు. అక్కడ కంటికి ఆనని ఒక జీవి ఉంటుంది. ఖమ్మం మిరపతోటల్లో రైతులు నల్లి అంటారే, ఆ జాతిది. అది లేత ఆకును గీరి రసం పీలుస్తుంది. గీరినచోట ఆకు కణాలు తమ కొలత మరిచి పెరిగి దాని చుట్టూ గూడు కడతాయి. అంటే బుడిపె కట్టింది ఆకే, కట్టించింది నల్లి. నీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఈ ఆకులోనే ఉంది. దీన్ని గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆకు గాని మనిషి గాని కణాలతో కట్టిన ఇల్లు. మనిషి ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయని అంచనా. అవి పుట్టినప్పటి నుంచి అలాగే ఉండిపోవు. చర్మం పైపొర నెల రోజులకు అటూఇటూగా మారిపోతుంది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకే కొత్తదవుతుంది. ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంది. పోయినవాటి స్థానంలో కొత్తవి రావాలంటే ఒక కణం రెండుగా విడిపోవాలి. కాబట్టి కణం పెరగడం, విడిపోవడం జబ్బు లక్షణాలు కావు. నువ్వు ఎనిమిదో తరగతి దాకా ఎదిగింది అలాగే. ఆగాల్సినచోట ఆగకపోతేనే జబ్బు.

గడ్డి కోస్తుంటే కొడవలికి వేలు తెగిందనుకో. వారం తిరిగేసరికి గాయం పూడుతుంది. రెండు అంచుల నుంచీ కణాలు విడిపోతూ ముందుకు జరిగి మధ్యలో కలుసుకుంటాయి. పక్క కణం తగలగానే ఆగిపోతాయి. వేలి మీద ఇంకో వేలు మొలవదు. నాట్లు వేసే ఆడవాళ్ళను చూశావుగా, వరసగా వంగి వెనక్కి జరుగుతూ నాటుతూ వస్తారు. మడమకు గట్టు తగలగానే నడుం ఎత్తి నిలబడతారు. కణానికీ అలాంటి స్పర్శ ఉంది. కంతిలోని కణం గట్టు తగిలినా ఆగదు. గట్టు మీద నాటుతుంది, పక్కవాళ్ళ చేలో నాటుతుంది, చివరకు బాట మీద కూడా నాటుతుంది.

ఎందుకు ఆగదు? దాదాపు ప్రతి కణంలో ఒక పెద్ద రాతప్రతి ఉంటుంది. దాని పేరు డీఎన్‌ఏ. నాలుగే అక్షరాలతో రాసిన రాత అది. అమ్మ నుంచి దాదాపు 300 కోట్లు, నాన్న నుంచి మరో 300 కోట్లు, అన్ని అక్షరాలు ఉంటాయి. దారంలా సాగదీస్తే ఒక్క కణంలోని రాత సుమారు రెండు మీటర్ల పొడవు ఉంటుంది. కణం విడిపోయే ముందు ఈ మొత్తాన్నీ తిరగరాసి రెండో ప్రతి తయారు చేయాలి. నువ్వు నోట్సు దించుకునేటప్పుడు రెండు పేజీలకు ఒక తప్పైనా వస్తుంది. కణం ఎంత జాగ్రత్తగా రాస్తుందంటే, రాసి, సరిచూసి, దిద్దుకున్నాక వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు మిగలడం కూడా అరుదు. అయినా జీవితమంతా కోట్లానుకోట్ల సార్లు రాస్తూ ఉంటే తప్పులు పోగుపడతాయి. ముసలితనంలో కంతులు ఎక్కువగా రావడానికి పెద్ద కారణం ఇదే.

ఆ తప్పుల్లో చాలావాటితో ఏమీ కాదు. ప్రమాదమల్లా కాపలా కాసేవాళ్ళ పేజీలో పడితేనే. కణంలో కొన్ని ప్రొటీన్ల పని కాపలా కాయడమే, జొన్నచేలో మంచె మీద కూర్చున్న మనిషిలాగా. ఆర్‌బీ అనేది ఒకటి. “ఇప్పుడు విడిపోవాల్సిన అవసరం లేదు” అని తలుపు మూసి పట్టుకోవడం దాని పని. పీ53 అనేది ఇంకొకటి, 1979లో కనుగొన్నారు. రాతలో తప్పు కనబడితే అది పని ఆపిస్తుంది, దిద్దిస్తుంది. దిద్దలేనంత చెడిపోతే ఆ కణాన్ని చనిపొమ్మంటుంది. కణం మారుమాట లేకుండా ముడుచుకుని పోతుంది. మాఘం, ఫాల్గుణం నెలల్లో మీ అడవిలో ఆకులు రాలతాయి కదా, అలాంటిదే. ఆకు రాలడం చెట్టుకు చావు కాదు, చెట్టు బతకడానికి చేసే పని. శాస్త్రజ్ఞులు కూడా ఈ చావుకు ఆకురాలడం అనే అర్థమున్న గ్రీకు మాటనే పేరుగా పెట్టుకున్నారు. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ పీ53 చెడిపోయి కనబడుతుంది. రాలాల్సిన ఆకు రాలకుండా కొమ్మనే పట్టుకుని చిగురిస్తూ పోతుందన్నమాట.

ఒక్క తప్పుతోనే కంతి రాదు. తలుపు తెరిచే తప్పు ఒకటి, కాపలాను పడగొట్టే తప్పు ఇంకొకటి, రక్తనాళాలను తనవైపు లాక్కునే తప్పు మరొకటి, ఇలా ఒకే కణంలో కొన్ని కలవాలి. అందుకు ఏళ్ళు పడుతుంది. కలిశాక లెక్క మారిపోతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. పదిసార్లు రెట్టిస్తే 1,024. ఇరవైసార్లకు పది లక్షలు దాటుతుంది, అయినా అది ఆవగింజను మించదు, ఎవరి చేతికీ తగలదు. ముప్పైసార్లకు 107 కోట్లు. అప్పటికి అడవి రేగుపండంత అవుతుంది. చేతికి తగిలిన రోజునే గడ్డ పుట్టిందని ఇంట్లో అనుకుంటారు గాని, దాని వయసులో ఎక్కువ భాగం అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

పెరిగినదల్లా క్యాన్సర్ కాదు. వీపు మీద మెత్తగా కదిలే కొవ్వుగడ్డ, గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్ ఎక్కువగానే పెరుగుతాయి, కానీ ఉన్న చేలోనే ఉంటాయి. గట్టు దాటవు. ఫైబ్రాయిడ్లు చాలామంది ఆడవాళ్ళకు ఉంటాయి. కొందరికి రక్తస్రావంతో బాధ పెడతాయి గాని ప్రాణం తీయడం అరుదు. గట్టు దాటి పక్క కండలోకి చొరబడి, రక్తం వెంట, లింఫు నాళాల వెంట వెళ్ళి కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో మళ్ళీ మొలిచేదాన్నే క్యాన్సర్ అంటారు. పాతకాలం వాళ్ళు రాచపుండు అన్నది దీన్నే. మీ అమ్మమ్మది ఏదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తేలుతుంది. ముక్క తీస్తే గడ్డ రేగుతుందని ఊళ్ళో ఎవరైనా అంటే భయపడవద్దు. ఆ ముక్క చూడకుండా సరైన వైద్యం మొదలుపెట్టడం కష్టం.

ఇక ఆ తప్పులు ఎవరు చేయిస్తారన్నది చూద్దాం. కొన్ని వాటంతట అవే జరుగుతాయి. కొన్నిటిని బయటివి చేయిస్తాయి. ఎండాకాలం నువ్వూ అమ్మతో కలిసి తునికాకు తెంపి, యాభై ఆకులు కట్ట కట్టి, కల్లానికి మోసుకెళ్ళే ఉంటావు. ఆకు తెంపడంలో తప్పేమీ లేదు. ఆ ఆకులో పొగాకు చుట్టి బీడీ ముట్టిస్తే మాత్రం పొగలో బెంజోపైరీన్ లాంటి రసాయనాలు పుడతాయి. అవి గొంతులో, ఊపిరితిత్తిలో కణాల రాతప్రతికి జిగురులా అతుక్కుంటాయి. అతుక్కున్నచోట తిరగరాసేటప్పుడు ఒక అక్షరం బదులు ఇంకొకటి పడుతుంది. రోజుకు ఒక కట్ట చొప్పున ముప్పై ఏళ్ళు తాగితే ఎన్ని అక్షరాలు మారతాయో ఊహించు. మీ తాతకు ఈ మాట చెప్పు. నువ్వు చెబితే వింటాడు.

అమ్మమ్మ విషయానికి వస్తే, గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్‌కు కారణం పొగ కన్నా ముఖ్యంగా ఒక వైరస్. దాని బంధువులను నువ్వు చూసే ఉంటావు. చేతుల మీద, మోకాళ్ళ మీద పిల్లలకు పులిపిర్లు వస్తాయి కదా, వాటిని తెచ్చేది ఆ కుటుంబంలోని వైరసే. హ్యూమన్ పాపిలోమా వైరస్ అని పేరు, పొడి అక్షరాల్లో హెచ్‌పీవీ. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. పులిపిర్లు తెచ్చే రకాలు వేరు, వాటితో క్యాన్సర్ రాదు. 16, 18 అనే రెండు రకాలే ప్రపంచంలో ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం. ఈ సంగతి కనిపెట్టిన జర్మనీ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ త్సూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ వైరస్ ఏం చేస్తుందో చెబుతాను, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది అదే. చర్మంలో అడుగు పొర కణాలే విడిపోతూ ఉంటాయి. పైకి జరిగినవి ఇక విడిపోవు, ఎండి రాలిపోతాయి. వైరస్ చిన్న గీరుడు గుండా అడుగు పొరకు చేరి, ఆ కణాలతోపాటే పైకి వస్తుంది. అది తన పిల్లలను పుట్టించుకోవాలి. కానీ రాత తిరగరాసే పనిముట్లు దాని దగ్గర లేవు, కణం దగ్గరే ఉన్నాయి. పైకి వచ్చిన కణమేమో పని ముగించి పనిముట్లు సర్దేసింది. అందుకని వైరస్ ఆ కణాన్ని నిద్ర లేపుతుంది. ఈ7 అనే తన ప్రొటీన్‌తో ఆర్‌బీని పట్టుకుని తలుపు తెరిపిస్తుంది. అప్పుడు పీ53 గోల చేస్తుంది కదా, ఈ6 అనే ఇంకో ప్రొటీన్‌తో దాన్ని చంపించేస్తుంది. ఇద్దరు కాపలాదార్లూ పోయారు. కానుగ ఆకును గీరిన నల్లిని గుర్తు తెచ్చుకో. కట్టేది కణమే, కట్టించేది వైరస్.

నూటికి తొంభై మందిలో ఒంటి రక్షణశక్తే ఒకటి రెండేళ్ళలో దాన్ని వెళ్ళగొడుతుంది. మిగిలిన కొద్దిమందిలో వైరస్ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. వాళ్ళలో కొందరికి వైరస్ రాత తెగి, కణం రాతలో ఇరుక్కుంటుంది. అప్పటి నుంచి ఈ6, ఈ7 ఆగకుండా తయారవుతూ ఉంటాయి. వైరస్‌కు కూడా దానివల్ల లాభం లేదు, అక్కడి నుంచి దానికి పిల్లలు పుట్టవు. కణం మాత్రం కాపలా లేని చేను అవుతుంది. అక్కడి నుంచి క్యాన్సర్ దాకా సాధారణంగా 15, 20 ఏళ్ళు పడుతుంది.

ఈ వైరస్ గాలిలో రాదు, నీళ్ళలో రాదు. ఆడా మగా శరీరాలు కలిసినప్పుడు ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. పెద్దయ్యాక దాదాపు అందరికీ ఎప్పుడో ఒకసారి సోకేంత మామూలు వైరస్ ఇది. ఒకే భర్తతో బతికిన ఇల్లాలికి కూడా వస్తుంది. కాబట్టి ఈ జబ్బు వచ్చిన మనిషి నడవడి గురించి ఎవరైనా గుసగుసలాడితే వాళ్ళకు విషయం తెలియదని అర్థం. ఆ గుసగుసలకు భయపడి రక్తం కనబడినా నోరు విప్పని ఆడవాళ్ళు మన పల్లెల్లో ఎందరో. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1 లక్షా 27 వేల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు.

15, 20 ఏళ్ళు పడుతుందన్నానే, అందులోనే మనకు దారి ఉంది. ముప్పై దాటిన ఆడవాళ్ళకు ముఖద్వారం మీద పలచటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వినెగర్‌లో ఉండే పులుపు, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. చెడు దారి పట్టిన కణాల్లో కేంద్రకాలు పెద్దవి, ప్రొటీన్ ఎక్కువ. పులుపు తగలగానే పాలు విరిగినట్టు ఆ చోటు తెల్లబడుతుంది. తెల్లమచ్చను అప్పుడే చల్లదనంతోనో వేడితోనో తీసేయవచ్చు. ముంబైలో టాటా ఆసుపత్రి వాళ్ళు లక్షన్నర మంది పేద ఆడవాళ్ళ మీద ఏళ్ళ తరబడి అధ్యయనం చేసి 2013లో ఫలితం చెప్పారు. ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళలో ముఖద్వార క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, పదో తరగతి దాకా చదివి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. మీ ఊరి ఏఎన్‌ఎం దగ్గర ఈ పరీక్ష ఎప్పుడు చేస్తారో అమ్మను అడగమను.

గడ్డకు ప్రాణం ఉంటుందా అన్నావు. ఉంటుంది. అయితే అది అమ్మమ్మ ప్రాణంలోని ముక్కే, వేరే జీవి కాదు. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లికి ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. ఐదుగురు పిల్లల తల్లి, 31 ఏళ్ళకే చనిపోయింది. ఆమె కంతి నుంచి తీసిన ముక్కలోని కణాలు గాజుపాత్రలో విడిపోతూనే ఉన్నాయి. ఈనాటికీ ప్రపంచమంతటి ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. ఆ కణాల్లో ఇరుక్కుని ఉన్నది హెచ్‌పీవీ 18వ రకం. ఎన్నో మందులు, టీకాలు వాటి మీద పరీక్షించారు. ఆ ముక్కను పరిశోధనకు ఇవ్వడం గురించి ఆమెను ఎవరూ అడగలేదు. కణాలు బతికే ఉన్నాయన్న సంగతి ఇరవై ఏళ్ళ దాకా ఆమె పిల్లలకు తెలియదు.

అడగకపోవడం మన దగ్గరా జరిగింది. మీ చిన్నమ్మ చెబుతున్నది నిజం. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గార్డాసిల్ అనే టీకా ఇచ్చారు. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో ఇలాగే ఇంకో టీకా వేశారు. తర్వాతి నెలల్లో రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. గొడవ లేచి 2010 ఏప్రిల్‌లో పని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదివితే మనసు కలుక్కుమంటుంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఊళ్ళో ఉన్న తల్లికి తన బిడ్డకు ఏం వేస్తున్నారో తెలియదు.

నా మట్టుకు నాకు ఇది ఘోరమైన తప్పుగానే అనిపిస్తుంది. టీకా మంచిదైనా ఆ తప్పు పెద్దదే. మంచిది కావడం వల్ల ఇంకా పెద్దది, ఎందుకంటే ఆనాటి భయం మీ చిన్నమ్మతో ఆగకుండా నీ దాకా వచ్చింది.

టీకా గురించి ఆనాడు చెప్పి ఉండాల్సింది ఇంతే. తాలు గింజ తెలుసుగా, పైన పొట్టు ఉంటుంది, లోపల బియ్యం ఉండదు, నాటితే మొలవదు. ఈ టీకాలో ఉండేవి వైరస్ తాలు గింజలు. వైరస్ పైపెంకు ప్రొటీన్‌ను మాత్రమే ఈస్టు లాంటి కణాల్లో తయారు చేస్తారు. లోపల రాత ఉండదు కాబట్టి జబ్బు తేలేదు. ఒంటి రక్షణశక్తి ఆ పెంకును చూసి గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతెప్పుడో అసలు వైరస్ వస్తే అడుగు పొరకు చేరకముందే పట్టుకుంటుంది. ఒకసారి లోపల కాపురం పెట్టాక టీకా దాన్ని వెళ్ళగొట్టలేదు. ముసలివాళ్ళ జబ్బుకు చిన్నపిల్లలకు సూది ఎందుకనే అనుమానానికి జవాబు అదే. చేతికి నొప్పి, వాపు, ఒకరోజు జ్వరం రావచ్చు. కొందరు కళ్ళు తిరిగి పడతారు, అందుకే వేశాక కొంతసేపు కూర్చోబెడతారు.

బడిలో సూది వేసే ముందు ఇంటికి కాగితం పంపాలి. అది వచ్చినప్పుడు అమ్మకు చదవడం రాకపోతే నువ్వు చదివి వినిపించు. ఏ టీకా, ఎన్నిసార్లు, ఒంట్లో బాగోలేకపోతే ఎవరికి చెప్పాలి, ఆ మనిషి ఫోను నంబరు ఏది, ఇవన్నీ అడిగి తెలుసుకున్నాకే అమ్మను సంతకం పెట్టమను. వద్దనే హక్కు కూడా అమ్మకు ఉందని చెప్పు. చదివేటప్పుడు చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకో. ఆమె అడగాల్సినవి 2009 నుంచీ మిగిలిపోయి ఉంటాయి.